దాచుకున్న మాట, దాగిన నోరు

2017 మే 24. అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఖతర్ ప్రభుత్వ వార్తా సంస్థ క్యూఎన్ఏ వెబ్‌సైటులో ఒక వార్త కనిపించింది. సైనిక శిక్షణ ముగించుకున్నవారి ఉత్సవంలో దేశాధినేత షేక్ తమీమ్ బిన్ హమద్ అల్ థానీ ఇరాన్ గురించి, హమాస్ గురించి, అమెరికా అధ్యక్షుడి గురించి ఫలానా ఫలానా మాటలు అన్నారని దాని సారాంశం. ఉత్సవం జరిగిన మాట నిజమే. ఆయన హాజరైన మాటా నిజమే. ప్రసంగం మాత్రం చేయలేదని ఖతర్ చెప్పింది. వార్తా సంస్థ వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారని, ట్విట్టర్ ఖాతా కూడా వాళ్ల చేతుల్లోకి పోయిందని గంటల్లోనే ప్రకటించింది. పొరుగు దేశాల టీవీ ఛానెళ్లు ఆ ప్రకటనను పక్కన పెట్టి, అనని మాటల మీదే చర్చలు నడిపాయి.

పన్నెండు రోజులు గడిచాయి. జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతర్‌కు భూమి మీద ఉన్న ఒకే ఒక్క సరిహద్దు దారి అబు సమ్రా మూతపడింది. దోహా నుంచి దుబాయికి నేరుగా విమానం లేకుండా పోయింది. ఆ దేశాల మధ్య పాత తగాదాలు ఉన్నాయి. 2014లోనే సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ తమ రాయబారులను దోహా నుంచి వెనక్కి పిలిపించుకున్నాయి. కాబట్టి ఒక్క దొంగవార్తే ఇదంతా చేసిందనడం సరికాదు. అగ్గిపుల్ల గీసింది మాత్రం అదే. ఆ చొరబాటు మీద జరిగిన దర్యాప్తులో అమెరికా ఎఫ్‌బీఐ, బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ సాయపడ్డాయి. చొరబాటు ఏప్రిల్‌లోనే మొదలైందని ఖతర్ హోంశాఖ జూలైలో వెల్లడించింది. దీని వెనక యూఏఈ ఉందని అమెరికా నిఘా అధికారులు భావిస్తున్నట్టు వాషింగ్టన్ పోస్ట్ రాసింది. యూఏఈ ఆ మాటను ఖండించింది. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో ఒప్పందం కుదిరేదాకా, అంటే మూడున్నరేళ్లు, ఆ దిగ్బంధం సాగింది.

తెలుగువాళ్లకు ఇది దూరపు రాజుల గొడవ కాదు. అన్న దుబాయిలో, తమ్ముడు దోహాలో ఉన్న ఇళ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఎన్నో. ఖతర్ మీద సానుభూతి చూపిస్తూ సోషల్ మీడియాలో రాస్తే మూడు నుంచి పదిహేనేళ్ల జైలు, కనీసం 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా అని ఆ జూన్‌లోనే యూఏఈ అటార్నీ జనరల్ హెచ్చరించారు. దుబాయిలో ఉన్న అన్న, దోహాలోని తమ్ముడి ఫోటో కింద నాలుగు ముక్కలు రాయడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన రోజులవి.

ఇక్కడే ఒక ధర్మసందేహం పుడుతుంది. మాట ఒకరిది, నోరు ఇంకొకరిది అయినప్పుడు ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? మాట అన్నవాడు ఎదురుగా ఉంటాడన్న నమ్మకం మీదే మన నీతులు చాలావరకు నిలబడ్డాయి. తిట్టినవాడు తెలుసు కాబట్టి క్షమించవచ్చు, నిలదీయవచ్చు, దూరం పెట్టవచ్చు. తెరమీద మాట ఆ నోటి నుంచి విడిపోయింది. ఒకడు తన ముఖం దాచుకుని ఇతరులను తిడతాడు. వాడిని ట్రోల్ అంటున్నాం. ఇంకొకడు వేరొకరి ఖాతాలో దూరి ఆ ముఖంతోనే మాట్లాడతాడు. వాడిని హ్యాకర్ అంటున్నాం. ఒకరి ముసుగు నుంచి, ఇంకొకరి దొంగతనం నుంచి కాపాడుకోవడానికి మామూలు మనిషి చేతిలో ఉన్నది కూడా ఒక దాపరికమే. అది పాస్‌వర్డ్. దాచడం ఒకచోట తప్పు, ఇంకోచోట కర్తవ్యం ఎలా అవుతుంది?

వాల్మీకి సుందరకాండ ఈ ప్రశ్న దగ్గరికి చాలా ముందే వచ్చింది. అశోకవనంలో హనుమంతుడు పలకరించగానే సీత నమ్మలేదు. రావణుడే మళ్లీ వేషం మార్చుకుని వచ్చాడేమోనని భయపడింది. ఆ భయానికి కారణముంది. మొదటిసారి ఆమెను మోసగించింది సన్యాసి వేషమే. హనుమంతుడు అందుకు నొచ్చుకోలేదు. రాముడి రూపురేఖలు వర్ణించాడు, సుగ్రీవుడితో స్నేహం కుదిరిన కథ చెప్పాడు, ఆ తర్వాత ఉంగరం చేతికిచ్చాడు. అతడు తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు సీత చూడామణి ఇచ్చింది. దానితోపాటు చిత్రకూటం దగ్గర కాకి తనను పొడిచిన రోజు ఏం జరిగిందో చెప్పి, ఆ సంగతి రాముడికి గుర్తు చేయమంది. ఉంగరాన్ని దొంగిలించవచ్చు. ఇద్దరి మధ్య జరిగిన సంగతిని దొంగిలించడం కష్టం. ఈనాడు రెండంచెల ధ్రువీకరణ అని బ్యాంకులు చెబుతున్న పద్ధతిలో ఉన్నదీ ఇదే. చేతిలో ఉన్న వస్తువు ఒకటి, మనసులో ఉన్న రహస్యం ఒకటి.

ఆ ఘట్టంలో గమనించాల్సింది సీత అనుమానానికి దొరికిన గౌరవం. సాక్ష్యం అడగడం అవమానం అనుకోలేదు హనుమంతుడు. మన ఇళ్లలో ఇది తలకిందులైంది. పిన్ నంబరు చెప్పనంటే "నామీద నమ్మకం లేదా" అనే ప్రశ్న వస్తుంది. ఖతర్‌లో 2015 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే పడాలన్న నిబంధన అమలవుతోంది. దానితో చదువు అంతగా లేని కార్మికుడి చేతికి కూడా ఏటీఎం కార్డు వచ్చింది, దానికో పిన్ వచ్చింది. తెల్లవారకముందే బస్సెక్కి, పొద్దుగూకాక క్యాంపుకు తిరిగొచ్చే మనిషి, కార్డూ పిన్నూ గదిలోని స్నేహితుడి చేతిలో పెట్టి ఇంటికి డబ్బు పంపమంటాడు. చాలాసార్లు ఆ స్నేహితుడు పైసా తేడా రాకుండా పంపుతాడు. ఆ నమ్మకాన్ని తప్పు పట్టేవాళ్లు ఆ జీవితాన్ని చూడనివాళ్లే. కానీ ఏదైనా తేడా వచ్చిన రోజున అనుమానం మొట్టమొదట ఎవరి మీద పడుతుంది? ఆ స్నేహితుడి మీదే. రహస్యం పంచుకోవడం వల్ల ఒక మంచివాడు నిర్దోషినని నిరూపించుకోవాల్సిన స్థితిలో పడతాడు. పిన్ దాచుకోవడం అతడిని కాపాడటం కూడా.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పుట్టింది కూడా కలిసి బతకడం కోసమే. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే ఏర్పాటు చేశారు. ఎవరి పని వారికి విడిగా ఉండాలని ఒక్కొక్కరికీ ఒక్కో రహస్య పదం ఇచ్చారు. క్యాంపు గదిలో అందరూ ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నా ఎవరి పెట్టెకు వారి తాళం ఉన్నట్టు. 1962లోనే అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లున్న ఫైలును అచ్చు వేయించుకున్నాడు. ఆ అనుభవాల నుంచే తర్వాతి వ్యవస్థలు ఒక పద్ధతి నేర్చుకున్నాయి. సక్రమంగా కట్టిన వ్యవస్థ మన రహస్యాన్ని యథాతథంగా తన దగ్గర ఉంచుకోదు. దాన్ని వెనక్కి తిప్పలేని ఒక గుర్తుగా మార్చి ఆ గుర్తునే దాచుకుంటుంది. మనకు రహస్యం తెలుసన్న సంగతి మాత్రమే దానికి తెలుస్తుంది. రహస్యం ఏమిటో తెలియదు.

ఇక్కడ కర్తవ్యం అప్పగించినవాడి నుంచి అప్పగింత పుచ్చుకున్నవాడికి మారుతుంది. ఇస్లాంలో అమానత్ చాలా బరువైన మాట. నమ్మి అప్పగించినదాన్ని దాని హక్కుదారుకు చేర్చాలని ఖురాన్ నాలుగో సూరా ఆదేశిస్తుంది. 2020 మే నెలలో ఖతర్‌లో కరోనా జాడ పట్టే ఎహ్తెరాజ్ యాప్ తప్పనిసరి అయింది. ఆ యాప్‌లో మనిషి వివరాలు ఉండే క్యూఆర్ కోడ్ కావాలంటే సర్వర్‌కు ఐడీ నంబరు ఒక్కటి ఇస్తే సరిపోయేదని, ఆ అడిగినవాడు ఎవరో అది చూడలేదని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నిపుణులు కనిపెట్టారు. ఐడీ నంబర్లకు ఒక వరస ఉంటుంది కాబట్టి వాటిని ఊహించి ఒకదాని తర్వాత ఒకటి అడగవచ్చు. పది లక్షల మందికి పైగా జనం పేర్లు, ఆరోగ్య స్థితి, క్వారంటైన్ చిరునామాలు బయటపడే ప్రమాదం తలెత్తింది. ఆమ్నెస్టీ చెప్పిన వెంటనే అధికారులు ఆ లోపాన్ని సరిచేశారు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 2016లో, వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం తెచ్చిన దేశం అది. జనానికి జాగ్రత్తలు నేర్పే ప్రతి సంస్థా ముందు తన తలుపుకు గడియ ఉందో లేదో చూసుకోవాలని ఆ సంఘటన చెబుతుంది.

ఇక ముసుగు వేసుకున్న నోటి సంగతి.

2022 డిసెంబరు 18. లుసైల్ స్టేడియంలో ప్రపంచ కప్ ఫైనల్. పెనాల్టీల దగ్గర అర్జెంటీనా చేతిలో ఫ్రాన్స్ ఓడింది. ఫ్రాన్స్ ఆటగాళ్లు కింగ్స్‌లే కోమన్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ ఆపేశాడు, ఒరేలియన్ చువామెనీ కొట్టిన బంతి పక్కకు పోయింది. ఆ రాత్రే ఇద్దరి ఖాతాల కింద నల్లజాతి మీద విద్వేషం కుమ్మరించారు. కోమన్ ఆడే బేయర్న్ మ్యూనిక్ క్లబ్ అతడికి అండగా బహిరంగంగా నిలబడింది. ఆ టోర్నమెంటు నడిచినంతకాలం ఫిఫా, ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో కలిసి ఆటగాళ్ల ఖాతాల మీద కాపలా పెట్టాయి. 2 కోట్ల పోస్టులను, కామెంట్లను జల్లెడ పట్టాయి. 19 వేలకు పైగా దూషణలో, బెదిరింపులో అని తేలాయి. 2,86,895 కామెంట్లు ఆటగాళ్ల కంటపడకుండా దాచేశారు. 300 మందికి పైగా మనుషులు ఫలానా అని గుర్తించగలిగారు. ముసుగు వేసుకున్నామనుకున్నవాళ్లందరికీ ముసుగు నిలవలేదు.

తిట్టును ఏం చేయాలన్న ప్రశ్నకు బౌద్ధం ఒక జవాబిచ్చింది. రాజగృహంలో భారద్వాజ గోత్రపు బ్రాహ్మణుడు ఒకడు బుద్ధుడి దగ్గరికి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. నీ ఇంటికి వచ్చిన చుట్టాలు నువ్వు వడ్డించింది తినకపోతే అది ఎవరికి మిగులుతుందని బుద్ధుడు అడిగాడు. నాకే అన్నాడు అతను. నేనూ నీ తిట్టును పుచ్చుకోలేదు, అది నీదే అన్నాడు బుద్ధుడు. సంయుత్త నికాయంలోని కథ ఇది. చివరికి ఆ బ్రాహ్మణుడు సంఘంలో చేరి భిక్షువయ్యాడు.

ఆ జవాబు గొప్పది. కానీ అది పనిచేయడానికి అవతల ఒక మనిషి ఉండాలి. ఖతర్ సంక్షోభ కాలంలో ట్విట్టర్‌లో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్న ఖాతాల్లో ఎన్నో యంత్రాలు నడిపినవేనని పరిశోధకుడు మార్క్ ఓవెన్ జోన్స్ చూపించాడు. ఆయన తర్వాత దోహాలోని హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పాడు. యంత్రం తిట్టిన తిట్టును ఎవరికి తిప్పి పంపాలి? దానికి సిగ్గుపడే మనసు లేదు, మారి భిక్షువయ్యే అవకాశమూ లేదు. దానితో వాదించే గంట, దాన్ని నడిపించేవాడికి మనం కట్టే కూలి. యంత్రానికి జవాబు చెప్పకపోవడంలో సహనమూ లేదు, పిరికితనమూ లేదు. వివేకం ఉంది.

ఇంకో ఇబ్బంది ఇంతకంటే పెద్దది. బుద్ధుడు పుచ్చుకోనన్నది తనకు వచ్చిన తిట్టును. పక్కవాడికి తగిలిన తిట్టును పుచ్చుకోనని చెప్పే హక్కు మనకు ఎక్కడిది? కులం పేరు పెట్టి ఒక ఇంటిపనామెను, ప్రాంతం పేరు పెట్టి ఒక డ్రైవరును గ్రూపులో ఎవరో ఎగతాళి చేస్తారు. మిగతావాళ్లు 'మనకెందుకులే' అని పైకి జరిపి బతుకమ్మ ఫోటోలు చూసుకుంటారు. ఆ మౌనానికి ఓర్పు అని పేరు పెట్టుకోవడం తేలిక. మహాభారతం ఒప్పుకోదు. నిండు సభలో ద్రౌపది ప్రశ్న అడిగి నిలబడ్డప్పుడు విదురుడు ప్రహ్లాదుడి కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న పంతం వచ్చింది. తీర్పు చెప్పమని ప్రహ్లాదుడినే అడిగారు. తెలిసి చెప్పకపోతే ఏమవుతుందని ఆయన కశ్యపుడిని అడిగాడు. నిందించాల్సినవాడిని నిందించని సభలో పాపంలో సగం ఆ సభ పెద్దకు, పావు వంతు చేసినవాడికి, పావు వంతు నోరు మెదపని సభ్యులకు చేరుతుందని కశ్యపుడు చెప్పాడు. నిందిస్తే సభకు దోషం అంటదు, అంతా చేసినవాడిదే. ప్రహ్లాదుడు తన కొడుకుకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు.

చేసినవాడి కంటే సభ పెద్ద వాటా రెండింతలు. ఇది ప్రతి వాట్సాప్ గ్రూపు అడ్మిన్ చదవాల్సిన లెక్క. ఖతర్‌లో తెలుగువాళ్ల గ్రూపులు ఉగాది వేడుకలకే పనికొస్తాయనుకుంటే పొరపాటు. ఎవరైనా చనిపోతే భౌతికకాయాన్ని ఊరికి చేర్చే ఏర్పాట్లు, రక్తం అవసరం, పోయిన పాస్‌పోర్టు, ఉద్యోగం కబురు, అన్నీ అక్కడే తిరుగుతాయి. అవమానం భరించలేక ఆ గ్రూపు వదిలి వెళ్లినవాడు రేపు ఆపదలో పడితే కబురు పెట్టే దారి కూడా వదులుకున్నట్టే.

చట్టం లేదా అంటే ఉంది. 2014 నాటి 14వ నంబరు సైబర్ నేరాల చట్టం కింద ఖతర్‌లో ఆన్‌లైన్ దూషణకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా పడవచ్చు. అదే చట్టానికి ఇంకో ముఖం కూడా ఉంది. కెన్యా నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు మాల్కమ్ బిడాలి, నోవా అనే మారుపేరుతో వలస కార్మికుల బతుకుల గురించి రాసేవాడు. 2021 ఏప్రిల్ చివర్లో ట్విట్టర్‌లో అతడికి ఒక అనుమానాస్పద లింకు వచ్చింది. నొక్కినవాడు ఎక్కడున్నాడో పట్టించగల లింకు అది. మే మొదట్లో అతడిని అరెస్టు చేశారు. జూలైలో తప్పుడు వార్తలు ప్రచురించాడంటూ 25 వేల రియాళ్ల జరిమానా వేశారు. ఆగస్టులో అతడు ఖతర్ వదిలి వెళ్లాడు.

కోమన్‌ను తిట్టినవాడిదీ మారుపేరే, బిడాలిదీ మారుపేరే. రెండింటినీ ఒక గాటన కట్టగలమా? ముసుగు తీసేస్తే ఏం పోతుందో చూస్తే తేడా తెలుస్తుంది. ఒకడికి పోయేది నిర్భయంగా గాయపరిచే వీలు. ఇంకొకడికి పోయేది ఉద్యోగం, స్వేచ్ఛ. తనకంటే బలమైనవాడి చూపు నుంచి దాక్కోవడం వేరు, తనకంటే బలహీనుడి మీద రాయి విసరడానికి చీకట్లో నిలబడటం వేరు. పాస్‌వర్డ్ మొదటి జాతిది. అది ఎవరినీ కొట్టదు. అందుకే ఊరూ పేరూ లేని ఖాతాలన్నీ నిషేధించాలన్న వాదన వినడానికి ధర్మంగా ఉన్నా, జీతం రాలేదని చెప్పుకునే కార్మికుడి నోరు కూడా అది మూసేస్తుంది.

ఇప్పుడు గ్రూపుల్లో తరచుగా జరిగే మోసం ఒకటి. తెలిసినవాడి నంబరు నుంచే మెసేజ్ వస్తుంది. "అన్నా, పొరపాటున నీ నంబరుకు ఆరంకెల కోడ్ పంపాను, కాస్త చెప్పవా" అని. అడిగింది మనవాడే కదా అని చెప్పిన మరుక్షణం ఆ ఖాతా దొంగ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత అదే పేరుతో, అదే ఫోటోతో గ్రూపులో అప్పులడుగుతాడు, బూతులు రాస్తాడు, పనికిమాలిన లింకులు పెడతాడు. వాట్సాప్ సెట్టింగుల్లో రెండో అంచె పిన్ పెట్టుకున్నవాడి ఖాతా ఆ ఒక్క కోడ్‌తో దొరకదు. పొడవైన పాస్‌వర్డ్, ఒక్కోచోటికి ఒక్కోటి, ఈమెయిలుకు అన్నింటికంటే గట్టిది ఉంటే చాలా దొంగతనాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. తన ఖాతాను కాపాడుకున్నవాడు తన పేరు నమ్మి మోసపోబోయే వందమందిని కాపాడుతున్నాడు.

అలాంటి బూతు మెసేజ్ వచ్చినప్పుడు సభ ఏం చేయాలి? ఎవరైనా వార్త మోసుకొస్తే ముందు నిజానిజాలు విచారించండి, లేకపోతే తెలియక ఒక జనానికి కీడు చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని ఖురాన్ నలభై తొమ్మిదో సూరా హెచ్చరిస్తుంది. 2017 మేలో ఈ ఒక్క మాట పాటించి ఉంటే ఎన్నో గొంతులు కాసేపు ఆగేవి. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ మళ్లీ ప్రహ్లాదుడినే తెస్తుంది. ఎప్పుడూ క్షమించడమూ మంచిది కాదు, ఎప్పుడూ దండించడమూ మంచిది కాదని ఆయన మనవడు బలికి చెప్పాడట. తెలియక చేశాడా అని విచారించాలి. మొదటి తప్పు క్షమించాలి. రెండోసారి చేస్తే తప్పు చిన్నదైనా దండించాలి. తెలిసి చేసి తెలియదని బొంకేవాడిని వదలకూడదు.

ఈ క్రమం గ్రూపుకు అచ్చంగా సరిపోతుంది. అడ్మిన్ ముందు ఆ మెసేజ్ తీసేసి, తిట్టుపడ్డ మనిషికి అందరి ముందే అండగా రెండు మాటలు రాయాలి. అది విచారణ కోసం ఆగక్కర్లేదు, ఎందుకంటే రాసింది ఎవరైనా గాయం గాయమే. ఆ తర్వాత ఆ పేరుగల మనిషికి ఫోన్ చేసి, గొంతు విని, ఖాతా తన దగ్గరే ఉందా అని అడగాలి. దొంగతనం జరిగి ఉంటే అతడూ బాధితుడే. ఖాతా తిరిగి రాబట్టుకోవడానికి సాయం చేయాలి, అతడి పేరు మీద మచ్చ లేదని గ్రూపులో చెప్పాలి. తనే రాశానని ఒప్పుకుంటే మొదటిసారికి ఏకాంతంగా మందలింపు, తిట్టుపడ్డవారికి క్షమాపణ. రెండోసారి అయితే గ్రూపు నుంచి తొలగింపు, అతడు అడ్మిన్‌కు బావమరిది అయినా సరే.